చెత్త లేని సముద్రం

మా కార్యాలయం పని సముద్రాన్ని చూస్తూ కూర్చోవడం. వినడానికి తీరిక ఉద్యోగంలా ఉంటుంది గానీ, ప్రభుత్వంవారు దేన్నీ ఊరికే చూడమనరు కదా. చూసి, నీటి మీద చమురు ఉందో లేదో నెలకోసారి పైకి రాయాలి. గంగడపాలెం పక్కన దిబ్బ మీద రెండు గదులు, ఒక షెడ్డు, ఒక ఇనప స్తంభం. స్తంభం మీద, ఓడలకు బిగించేలాంటి రాడారు ఒకటి పొద్దస్తమానం తిరుగుతూ ఉంటుంది. బోర్డు మీద ‘తీర చమురు పరిశీలన కేంద్రం’ అని రాసి ఉంటుంది. అక్కడ నేను సూపరింటెండెంటుని. పేరు మార్కండేయులు.

నాకు సముద్రం గురించి తెలిసింది తక్కువ. మెమోలు రాయడం వచ్చు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో నేను రాసిన మెమో ఒక్కటి కూడా ఎవరికీ ఒక్క చదువులో అర్థం కాలేదు. పై అధికారులకు నా మీదున్న గౌరవమంతా అందువల్లనే.

రాడారు చూసేది పిన్నింటి వాసంతి. పార్వతీపురం దగ్గరమ్మాయి, ముప్ఫయ్యేళ్ళుంటాయి. ఉద్యోగంలో చేరిన వారానికి నన్ను లోపలి గదిలోకి పిలిచి తెర చూపించింది. నల్లటి తెర నిండా తెల్లటి చుక్కలు, ఎవరో చేటలో రవ్వ చెరుగుతున్నట్టు కదులుతున్నాయి.

“ఇవి అలలండి, మార్కండేయులు గారూ,” అంది. “రాడారు వదిలిన తరంగం చిన్న చిన్న అలలకి తగిలి వెనక్కొస్తే ఇక్కడ చుక్క పడుతుంది. నీటి మీద చమురు పరుచుకుందనుకోండి, ఆ చిన్న అలలు లేవవు. నూనె రాసిన జుట్టులాగా నీరు అణిగిపోతుంది. అక్కడ చుక్కలుండవు. ఇన్ని చుక్కల మధ్య ఎక్కడైనా నల్లగా ఖాళీ కనిపిస్తే, అదీ చమురు.”

“అంటే మనం వెతికేది ఉన్నదాన్ని కాదా?”

“కాదండి. లేనిదాన్ని.”

ప్రభుత్వ సర్వీసులో లేనిదాన్ని చూడడం నాకు అలవాటే కనక వెంటనే బోధపడింది.

మూడేళ్ళలో ఆ అమ్మాయి పదకొండు చమురు తెట్టులు పట్టుకుంది. గాలి బొత్తిగా లేని రోజు సముద్రమంతా నున్నగా ఉండి ఏదీ తేలదు, అందుకని సెలవులన్నీ అలాంటి రోజులకే దాచుకునేది. మా షెడ్డులో నాలుగువందల గజాల రబ్బరు అడ్డం ఒకటి ఉంది. లావుపాటి గొట్టంలా నీటి మీద తేలుతుంది, చమురును దాటనివ్వదు. బూమ్ అంటాం. తెట్టు ఒడ్డువైపు వస్తోందని తేలితే, గంగడపాలెం జాలర్లు వచ్చి దాన్ని పట్టుకెళ్ళి, ఏరు సముద్రంలో కలిసే మొగకు అడ్డంగా కట్టేవాళ్ళు. ఆ ఏట్లోకే రొయ్యపిల్ల ఎక్కేది, పీత ఎక్కేది, వాళ్ళ కుండలో గంజి కూడా అక్కణ్ణుంచి వచ్చేదే. మా కేంద్రం రాకముందు ఒకసారి మడ్డి చమురు లోపలికి పోయి, రెండేళ్ళపాటు ఏట్లో పీత అన్నది కనపడలేదట.

బూమ్ షెడ్డు దాటాలంటే ఒక నిబంధన ఉంది. తెర మీద చమురు కనిపించాలి, ఆ బొమ్మ అచ్చు తీయాలి, దాని మీద సూపరింటెండెంటు సంతకం ఉండాలి. ఆ నిబంధన రాసింది నేనే. అప్పట్లో చాలా బాగుందన్నారు.

ఇలా ఉండగా ఆ ఏడు పైనుంచి ‘నిర్మల కార్యాలయ పక్షోత్సవం’ వచ్చింది. పదిహేను రోజుల్లో కార్యాలయాలన్నీ శుభ్రం కావాలి. అయ్యాయో లేదో చూడడానికి కొత్త జాయింటు డైరెక్టరు, అంటే మా జేడీ, విరూపాక్షం గారు బయలుదేరారు. ఆయన చెడ్డవారు కాదు, లంచం ముట్టరు, సాయంత్రం ఆరు దాకా పనిచేస్తారు. సంచీలో డజను తెల్ల చేతిరుమాళ్ళు ఉంటాయి. ఏ కార్యాలయానికి వెళ్ళినా ఒక్కో వస్తువునూ రుమాలుతో తుడిచి, ఆ రుమాలు కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూస్తారు.

మా దగ్గర బీరువాలు తుడిచారు, గడియారం తుడిచారు. నా కుర్చీ తుడవడానికి నన్ను లేవమన్నారు. అన్నీ బాగున్నాయి. ఆ తర్వాత రాడారు గదిలోకి వెళ్ళి తెర ముందు నిలబడిపోయారు.

“ఏమిటమ్మా ఈ దుమ్ము?”

“దుమ్ము కాదు సార్, అలలు,” అంది వాసంతి.

ఆయన రుమాలుతో తెర తుడిచారు. చుక్కలు పోలేదు. రుమాలు చూసుకున్నారు. తెల్లగానే ఉంది. అది ఆయనకు మరీ కష్టంగా తోచింది.

“అలలు సముద్రంలో ఉండాలి. కార్యాలయంలో ఎందుకున్నాయి?”

వాసంతి నాకు చెప్పినట్టే ఆయనకూ చెప్పింది. ఆయన శ్రద్ధగా వింటూనే, తెర కింద ఉన్న మీటల మీది ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చదివారు. ఒకదాని దగ్గర వేలు ఆగింది.

“సీ క్లట్టర్. క్లట్టర్ అంటే?”

“చెత్త సార్. అంటే, ఓడలు నడిపేవాళ్ళకి అలలు అడ్డం కదా, ఎదురొచ్చే ఓడ కనపడదు. వాళ్ళ భాషలో అలా అంటారు. మనకి మాత్రం...”

“చెత్త అని యంత్రమే ఒప్పుకుంది. తీసేయడానికి మీట కూడా ఇచ్చింది. మూడేళ్ళుగా మీరు దాన్ని తిప్పలేదు.”

అని ఆయనే తిప్పారు. చుక్కలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. నున్నటి నల్లటి తెర మీద మూడు ఓడలు మాత్రం మూడు ముత్యాల్లా మెరిశాయి. చూడడానికి చాలా అందంగా ఉందని నేను ఒప్పుకోవాలి. ఆయన వెంట వచ్చిన ఇద్దరు చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను.

“సార్, అలలు కనపడకపోతే చమురు కనపడదు,” అంది వాసంతి.

“చూడమ్మా, మాసిన పంచె మీద మరక తెలుస్తుందా, ఉతికిన పంచె మీద తెలుస్తుందా? ఇన్నాళ్ళూ మాసిన సముద్రం మీద వెతికారు. ఇకమీదట శుభ్రమైన సముద్రం మీద వెతకండి.”

ఆ మీటను ఎవరూ తిప్పకుండా లక్కతో సీలు వేయించి, సీలు మీద తన సంతకం చీటీ అంటించి వెళ్ళారు. సీలును రోజుకు రెండుసార్లు తనిఖీ చేసి రిజిస్టర్లో రాయవలసిందిగా నాకు మెమో వచ్చింది. నేను ఏడు నెలలపాటు తప్పకుండా రాశాను.

ఆ ఏడు నెలల్లో ఒక్క తెట్టు కూడా కనపడలేదు. మొదటి నెల ‘చమురు: శూన్యం’ అని పైకి రాస్తే అభినందన వచ్చింది. రెండో నెల కూడా శూన్యమంటే ఫోటో అడిగారు. నాలుగో నెలకు మిగతా కేంద్రాలవాళ్ళు మా తెర చూసి నేర్చుకోవడానికి జీపుల్లో రాసాగారు. జేడీ గారు వాళ్ళను వరసగా నిలబెట్టి, చెప్పులు బయట విడిపించి, తెర చూపించేవారు. “రాష్ట్ర తీరరేఖ యావత్తూ ఈ విధమైన నిర్మలత్వమును సంతరించుకొనవలెనన్నదే మా సంకల్పం,” అనేవారు. మనిషి మామూలుగా మాట్లాడతారు గానీ పదిమంది చేరితే ఆయనకు మెమో భాష వచ్చేసేది.

వాసంతి నెలకో నోటు రాసింది. ప్రతి నోటూ ‘పరిశీలించడమైనది’ అన్న ముద్రతో తిరిగివచ్చింది. ఆ ముద్ర కొట్టే వారెవరూ దాన్ని చదవరని నాకు తెలుసు. నేనే కొడతాను కాబట్టి.

ఐదో నెలలో గనగళ్ల తాతారావు వచ్చాడు. గంగడపాలెంలో అతని మాట నలుగురూ వింటారు. అరవై దాటిన మనిషి, భుజం మీద వల వేసుకుని దిబ్బ ఎక్కి వచ్చాడు. వల సగానికి పైగా నల్లగా, జిగటగా ఉంది. లోపలికి తెస్తే నేల పాడవుతుందని బంట్రోతు గుమ్మంలోనే ఆపేశాడు. నేను బయటికి వెళ్ళాను.

“సూడండి బాబూ, మడ్డి. మీరు సూత్తన్నారని మావు దిలాసాగా ఉన్నాం. ఇదేటిలా వచ్చీసింది?”

నేను నియమం ప్రకారం లోపలికి వెళ్ళి తెర చూసి వచ్చాను.

“తెర మీద ఏమీ లేదు, తాతారావూ.”

“తెర మీద లేదు బాబూ. వల మీద ఉంది.”

సమాధానం లిఖితపూర్వకంగా పంపిస్తానన్నాను. పంపించాను కూడా. ‘మీ వలయందు గల నలుపు పదార్థము కేంద్రపు తెరపై నమోదు కానందున, సదరు పదార్థమును చమురుగా పరిగణించుటకు వీలులేదని తెలియజేయడమైనది’ అని. దాన్ని ఊళ్ళో చదివించుకుంటే ఎవరికీ అర్థం కాలేదట. చివరికి వాసంతే వెళ్ళి అర్థం చెప్పి వచ్చింది. తాతారావు ఆ కాగితం వెనక్కి తిప్పి, దాంతో చేతి మడ్డి తుడుచుకున్నాడని కూడా ఆవిడే చెప్పింది.

ఏడో నెలలో మా కేంద్రానికి ‘ఉత్తమ నిర్మల కేంద్రం’ ఫలకం ఇవ్వడానికి ఒక బృందం వస్తుందని కబురొచ్చింది. బుధవారం పదకొండు గంటలకు ముహూర్తం. ఆ ఉదయం తొమ్మిదింటికి నేను రంగు కాగితాలు కట్టిస్తుంటే తాతారావు పరుగెత్తుకొచ్చాడు. ఈసారి వల లేదు. చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టాడు. గుప్పుమంది.

“లోతు నీళ్ళలో లంగరేసున్న పెద్ద ఓడ కాణ్ణించి వత్తంది బాబూ. నీరు బరువెక్కిపోనాది, తెడ్డు ముంచితే లెగట్లేదు. ఈ గాలికి మద్దేనం లోపు మొగలోకి వచ్చెత్తది. ఆ రబ్బరు తాడు ఇచ్చీండి, ఇరవైమందిమి కింద నిలబడున్నాం.”

“అచ్చు కావాలి, తాతారావూ. తెర మీద కనపడాలి.”

అతను నన్ను తిట్టలేదు. గుమ్మం దగ్గర కూలబడి, “ఈ పాలి పీత పోతే మా పడుచోళ్ళు ఊళ్ళో ఉండరు బాబూ,” అన్నాడు. అంతే.

నేను వెనక్కి తిరిగి చూసేసరికి వాసంతి లోపలి గదిలో లేచి నిలబడి ఉంది. చేతిలో కాగితాలు కోసే చాకు ఉంది. నన్ను చూసింది గానీ ఏమీ అడగలేదు. అడిగితే వద్దనేవాణ్ణి. లక్క రెండు ముక్కలై కింద పడింది. మీట తిప్పగానే తెర నిండా మళ్ళీ చుక్కలు లేచాయి. ఆ చుక్కల మధ్య, ఓడ దగ్గర సన్నగా మొదలై మొగవైపు వెడల్పవుతూ, పొడుగాటి నల్లటి నాలుక. మంచి గాలి ఉన్న రోజేమో, అంచులు గీసినట్టు ఉన్నాయి.

అచ్చు తీసి నా ముందు పెట్టింది. నా నిబంధనను మనసులో ఒకసారి చదువుకున్నాను. తెర, అచ్చు, సంతకం. అందులో లక్క ప్రసక్తి ఎక్కడా లేదు. తొమ్మిదీ ఇరవై అని వేళ వేసి సంతకం పెట్టాను. పది నిమిషాల్లో షెడ్డు ఖాళీ అయింది.

పదిన్నరకు జేడీ గారు వచ్చారు. తెర చూశారు, కింద లక్క ముక్కలు చూశారు, కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగారు.

“ఎవరు చేశారు?”

“నేనే సార్,” అంది వాసంతి. “చమురు వస్తోంది. ఇదిగో, రెండు కిలోమీటర్లు.”

“మీట తిప్పకముందు ఉందా?”

“తెర మీద లేదు సార్. కానీ...”

“తిప్పిన తర్వాత వచ్చింది.”

“కనపడింది సార్.”

ఆయన లేచి, కాసేపు ఆలోచించి, మీటను మళ్ళీ పాతచోటికి తిప్పారు. చుక్కలూ, నాలుకా అన్నీ పోయాయి. మూడు ముత్యాలు మిగిలాయి. ఆయన ముఖంలోకి రక్తం తిరిగివచ్చింది.

“మార్కండేయులు గారూ, రాసుకోండి. ఉదయం తొమ్మిదీ ఇరవైకి సిబ్బంది అజాగ్రత్త వలన చమురు తెట్టు ఏర్పడినది. పదీ నలభైకి నేను స్వయంగా తొలగించితిని. గంటా ఇరవై నిమిషాలు. ఇంత త్వరగా ఎక్కడైనా తీశారేమో కనుక్కోండి.”

పదకొండుకు బృందం వచ్చింది. తెర చూసి ముచ్చటపడ్డారు. వాళ్ళలో ఒకాయన కిటికీలోంచి చూసి, దూరంగా మొగ దగ్గర నీళ్ళు నల్లగా ఉన్నాయేమిటి, ఆ జనం పొడుగాటి పామును పట్టుకుని లాగుతున్నారేమిటి అని అడిగారు.

“స్థానిక మత్స్యకారుల సాంప్రదాయిక జలక్రీడ,” అన్నారు జేడీ గారు.

బృందంవారు కిటికీ దగ్గర నిలబడి చప్పట్లు కొట్టారు.

నేను మధ్యాహ్నం భోజనం మానుకుని మొగ దగ్గరికి దిగాను. బూమ్‌కు ఇవతల మడ్డి గట్టు కట్టినట్టు మందంగా పేరుకుని ఉంది. అవతల ఏట్లో నీళ్ళు తేటగా ఉన్నాయి. దక్షిణపు కొసన కొంచెం మడ్డి లోపలికి జారితే ఆడవాళ్ళు గడ్డి మోపులు ముంచి దాన్ని ఎత్తుతున్నారు. తాతారావు మోకాళ్ళ దాకా నల్లగా ఉన్నాడు. నన్ను చూసి, “నిలబడింది బాబూ,” అన్నాడు. వాసంతి చీర కుచ్చిళ్ళు ఎగదోపి గడ్డి అందిస్తోంది. సెలవు పెట్టావా అని అడగబోయి మానేశాను.

మర్నాడు ఛార్జి మెమో తయారు చేయమన్నారు. నేనే చేశాను. ‘శ్రీమతి పిన్నింటి వాసంతి, అధికార ముద్రను భగ్నపరచి, మీటను త్రిప్పి, అప్పటివరకు చమురు రహితముగా నున్న సముద్రమునందు సుమారు రెండు కిలోమీటర్ల పొడవు గల తెట్టును కలుగజేసి యున్నారు. తమరిపై ఏల చర్య తీసుకొనరాదో పది దినములలో తెలుపవలెను.’

ఆవిడ నిలబడే చదివింది.

“రెండు కిలోమీటర్లూ నేనే వేశానాండీ?”

“రికార్డు అలా ఉందమ్మా.”

“సరేనండి,” అని నకలు మీద సంతకం పెట్టి ఇచ్చింది. నా మెమో ఒక మనిషికి ఒక్క చదువులో అర్థం కావడం అదే మొదలు. ఆ సాయంత్రం పక్షోత్సవం ఉత్తర్వుల కట్ట ఇంటికి పట్టుకెళ్ళాను.

ఇటువంటి చోట పై అధికారిది తప్పని రాస్తే లాభం లేదు. తప్పు అన్నమాట కిందినుంచి పైకి వెళ్ళే దారి మన కార్యాలయాల్లో వేయలేదు. ఆయనది ఒప్పే, ఆయన అనుకున్నదాని కంటే కూడా ఎక్కువ ఒప్పు అని రాయాలి. మూడు రోజులు కూర్చుని పక్షోత్సవం ఉత్తర్వులు మొదటినుంచి చివరిదాకా చదివాను. నాలుగో పేరాలో దొరికింది. వెంటనే ఒక మెమో రాశాను. ‘కార్యాలయమునుండి తొలగించిన చెత్తను మూతగల బుట్టయందు భద్రపరచి, ప్రతిదినము పరిశీలించిన మీదటనే పారవేయవలెనని ఉత్తర్వు. ఈ కేంద్రపు తెరనుండి ఏడు నెలలుగా తొలగించిన చెత్తను ఏ బుట్టయందు వేసినదీ రికార్డులలో కానరాదు. మొదట తొలగించినవారి వివరణ అవసరమగుచున్నది.’

సాయంత్రానికి జేడీ గారి ఫోను వచ్చింది.

“మార్కండేయులు గారూ, ఆ చెత్త ఇప్పుడెక్కడుంది?”

“అదే తెలియడం లేదు సార్.”

“ఎంత ఉంటుంది?”

“లెక్కకి బంగాళాఖాతం మొత్తం ఉంటుంది సార్. ఏడు నెలలది.”

ఆయన నిజాయితీపరుడని చెప్పాను కదా, నిజంగానే భయపడ్డారు.

“మరి ఆ రోజు వచ్చిన తెట్టు...”

“బుట్టలో వేయకుండా వదిలేసిన చెత్తలోంచి వచ్చి ఉండవచ్చు సార్. అటువంటప్పుడు ఆవిడది తప్పు అనడానికి ఉండదు. బుట్ట లేకపోవడానిది.”

“బుట్ట పెట్టించడానికి ఎన్నాళ్ళు పడుతుంది?”

“షెడ్డులో పాత తెర ఒకటుంది సార్. రాడారుకి వెనక ఇంకో తీగ తగిలించే చోటు ఉందని వాసంతమ్మ అంటోంది. పెద్ద తెర మీంచి తీసినదంతా దాంట్లో పడుతుంది. రోజూ ఆవిడే పరిశీలిస్తుంది.”

వారం తిరక్కుండా మంజూరైంది. ఛార్జి మెమో ‘ఇకమీదట జాగ్రత్త వహించవలెను’ అన్న మాటతో మూతపడింది. పెద్ద తెరను ముందు గదిలోకి మార్చి, పాత తెర పెట్టిన వెనక గది తలుపు మీద ‘చెత్తబుట్ట’ అని బోర్డు పెట్టారు. ఉత్తర్వు ప్రకారం మూత ఉండాలి కాబట్టి పాత తెర మీద ఒక గుడ్డ కప్పుతాం, పొద్దున్నే తీస్తాం. వాసంతి ఉద్యోగం పేరు ‘చెత్త పరిశీలకురాలు’గా మారింది. ఇంటికి ఉత్తరం రాస్తూ ఆ పేరు రాయలేదని నవ్వుతూ చెప్పింది గానీ, నాకు ఆ నవ్వు పూర్తిగా నవ్వులా అనిపించలేదు.

మొదటి నెలలో బుట్టలో రెండు తెట్టులు దొరికాయి. చెత్తబుట్టలో దొరికినది ఇదివరకే తొలగించినదానికింద లెక్క కాబట్టి, పైకి మాత్రం శూన్యమనే రాశాం. బూమ్ వెళ్ళడానికి నా నిబంధన కింద ఒక వాక్యం చేర్చాను: ‘మరియు చెత్త ఎత్తుట నిమిత్తము.’

కార్తీకంలో ఒక పొద్దున తాతారావు ఒక బుట్టెడు పీతలు తెచ్చి వాసంతికి ఇచ్చి, రాడారు చూస్తానన్నాడు. వెనక గదిలోకి తీసుకువెళ్ళాం. తెర నిండా చుక్కలు ఎగసిపడుతున్నాయి. ముసలాయన ముఖం దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు.

“మా మొగ ఏదమ్మా?”

వాసంతి వేలు పెట్టి చూపించింది. అతను ఆ చోటు చుట్టూ చూసి, “ఔను. ఈ గాలికి ఇలాగే ఉంటాది,” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. “ఆ ముందర గదిలో పెద్ద తెర మీద మరోటుంది గదా బాబూ, సడీ సప్పుడూ నేకండా. అదెక్కడి సముద్రం?”

“అది పైకి పంపే సముద్రం,” అన్నాను.

తాతారావు తల ఊపాడు. “అయితే మాకీ సెత్తే ఉంచండి బాబూ,” అన్నాడు.